కంచయా? అడవియా?

2025వ సంవత్సరము మార్చి 30వ తేదీ విశ్వావసు నామ సంవత్సరాది. జనులు వేపపూవు పచ్చడి రుచి చూచి, పంచాంగ శ్రవణము చేసి, క్రొత్త యేడు శుభముగా నుండవలెనని కోరుకొనుచున్న ఆ దినముననే మన కొత్తగూడకు కొలది దూరముననున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చు యంత్రములు ప్రవేశించినవి. మఱునాడు రంజాను పండుగ. కచేరీలకు సెలవు, న్యాయస్థానములకు సెలవు. యంత్రములకు మాత్రము సెలవు లేకపోయెను. అవి పగలును రేయియు పని చేసినవి. నెమళ్ల కేకలు విశ్వవిద్యాలయపు వసతిగృహముల వఱకు వినవచ్చినవని అచ్చటి విద్యార్థులు చెప్పిరి. ఏప్రిల్ 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తనంతట తాను కలుగజేసికొని పని నిలుపు నాటికి సుమారు 100 ఎకరముల పచ్చదనము నేలగూలియుండెను.

నాటి కలకలము నేడు తగ్గినది. పత్రికలలో పెద్ద యక్షరములతో వచ్చిన వార్తలు చిన్న యక్షరములలోనికి దిగినవి. నెమ్మదిగా ఆలోచించుటకు ఇదియే తగిన సమయమని మా అభిప్రాయము. ఏలన, కోపము చల్లారిన పిమ్మట గూడ ఒక ప్రశ్న మిగిలియున్నది. సర్కారు భూమి యనగా ఎవరి భూమి? దానిపై నిలిచియున్న అడవిని గూర్చి ఎవరిని అడుగవలెను, ఎప్పుడు అడుగవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కుదుర్చుకొననిచో, ఒక కంచ గచ్చిబౌలి దక్కినను, మఱియొకచోట మఱియొక సెలవు దినమున ఇదే కథ మరల జరుగును.

మా పాఠకులలో చాలమందికి ఈ ప్రాంతము కరతలామలకము. కొత్తగూడ, కొండాపూరు, మాదాపూరు, ఖాజాగూడ, గచ్చిబౌలి గ్రామములు ముప్పదియేండ్ల క్రిందట గుట్టలు, బండలు, చెఱువులు, మేత భూములు. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిన నాటినుండి ఈ నేల రూపమే మాఱిపోయినది. బండలు పగిలి పునాదులైనవి. కాలిబాటలు రాజమార్గములైనవి. ఆ మార్గములును చాలక 2023 జనవరి 1వ తేదీన కొత్తగూడలో ఫ్లైఓవరు తెఱచిరి. ఈ మార్పువలన లక్షలాది కుటుంబములకు అన్నము దొరికినది. శ్రీకాకుళమునుండియు, ఆదిలాబాదునుండియు, అనంతపురమునుండియు వచ్చిన యువకులు ఇచ్చట ఉద్యోగములు చేసికొని తలిదండ్రులను పోషించుచున్నారు. దీనిని మేము చులకన చేయము. చేయువారి పక్షమున మేము లేము.

అయినను, ఇంత కట్టడమునడుమ మన ఊరికి ఊపిరి పోయుచున్న దేదియో గూడ చెప్పుకొనవలెను. కొత్తగూడ రక్షితారణ్యములో 274 ఎకరముల విస్తీర్ణమున కోట్ల విజయభాస్కరరెడ్డిగారి పేర బొటానికల్ గార్డెను కలదు. తెల్లవాఱుజామున అచ్చటికి పోయి చూడుడు. వృద్ధులు, రోగులు, రాత్రియంతయు యంత్రముల యెదుట కూర్చుండి కన్నులు మండుచున్న ఉద్యోగులు, పిల్లల చేయి పట్టుకొనిన తల్లులు, అందఱును ఆ చెట్ల నీడను వెదకుకొనుచు వచ్చుచున్నారు. రక్షితారణ్యమను ఒక్క మాట దస్తావేజులో నుండుటచేతనే ఆ 274 ఎకరములు నేటికిని చెట్లతో నిలిచినవి. ఆ మాట లేకపోవుటచేతనే కంచ గచ్చిబౌలిలోనికి యంత్రములు రాగలిగినవి. రెండు తావులలోను నేల ఒక్కటే, బండలు ఒక్కటే, పక్షులు ఒక్కటే. దస్తావేజులోని మాట మాత్రమే వేఱు. మనము చర్చింపవలసినది ఆ మాటను గూర్చియే.

ముందుగా ఈ భూమి చరిత్రను సంగ్రహముగా మనవి చేయుదుము. 1969లో తెలంగాణమునందును, 1972లో ఆంధ్రమునందును చెలరేగిన ఆందోళనముల పిమ్మట 1973లో ఆఱు సూత్రముల పథకము ఏర్పడెను. ఆ పథకము ననుసరించి 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము స్థాపితమైనది. దానికి గచ్చిబౌలి ప్రాంతమున సుమారు 2,300 ఎకరములు చూపిరి. 2003లో నాటి ప్రభుత్వము క్రీడా శిక్షణాలయములు నెలకొల్పుదుమన్న ఐ.ఎమ్.జి. అకాడమీస్ భారత అను సంస్థతో ఒప్పందము చేసికొని, అందులో 25వ సర్వే నంబరునకు చెందిన 400 ఎకరములను ఆ సంస్థకు కేటాయించెను. 2006లో తరువాతి ప్రభుత్వము ఆ కేటాయింపును రద్దు చేసెను. వ్యాజ్యము పదునెనిమిదేండ్లు నడచెను. 2024 మార్చిలో ఉన్నత న్యాయస్థానము రద్దును సమర్థించెను. మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము ఆ సంస్థ అర్జీని త్రోసివేసెను. ఆ సంవత్సరమే రాష్ట్ర ప్రభుత్వమువారు ఈ 400 ఎకరములను తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థకు అప్పగించిరి.

ప్రభుత్వపక్షపు వాదమును వారి నోటనే వినుట న్యాయము. ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పడిన ప్రజల భూమిని పోరాడి గెలిచి తెచ్చితిమని వారనుచున్నారు. ఇది నిజమే, అందులకు వారిని అభినందింపవలసినదే. విశ్వవిద్యాలయమునకు ఈ భూమిపై హక్కుపత్రము లేదనియు, ఇందులకు బదులుగా గోపనపల్లిలో 397 ఎకరములు పూర్వమే ఇచ్చితిమనియు వారి మాట. ఇచ్చట ఐ.టి. సంస్థలు వెలసినచో 50,000 కోట్ల రూపాయల పెట్టుబడియు, 5 లక్షల మందికి ఉద్యోగములును వచ్చునని వారి అంచనా. పుట్టగొడుగు రాయి మొదలగు శిలలను చెడగొట్టక కాపాడుదుమని గూడ వారు చెప్పిరి. అన్నిటికంటె ముఖ్యముగా, రెవెన్యూ రికార్డులలో ఎచ్చటను ఇది అడవి యని లేదనియు, కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ యని మాత్రమే కలదనియు వారు వాదించిరి.

ఈ చివరి మాటను కొంచెము పరిశీలింతము. కంచ యనగా పచ్చిక కొఱకు ఇతరులను రానీయక కాపాడి యుంచిన భూమి. అస్తబల్ అనగా గుఱ్ఱపుశాల. అనగా ఒకానొక కాలమున ఏలినవారి గుఱ్ఱములకు మేత కొఱకు ఈ నేలను ప్రత్యేకించిరని ఆ నాలుగు మాటలు చెప్పుచున్నవి. ఆనాటి ప్రభువునకు ఈ నేలతో ఏమి పని యుండెనో అవి తెలుపును. ఈనాడు ఈ నేలపై ఏమి మొలచియున్నదో తెలుపవు. గుఱ్ఱములు పోయినవి, వాటి నేలిన ప్రభువులు పోయిరి. విశ్వవిద్యాలయపు ప్రహరిగోడ చాటున అర్ధశతాబ్దమునకు పైగా ఈ నేలను ఎవరును త్రవ్వలేదు. చెట్లు మొలచినవి, గుంటలలో నీరు నిలిచినది, జింకలు, నెమళ్లు స్థిరపడినవి. ఇంత జరిగిన పిమ్మట పూర్వపు గుఱ్ఱపుమేత పద్దును చూపి ఇది అడవి కాదనుట, శిశువునాటి జాతకము చూపి ఎదిగిన మనుష్యుడు లేడనుట వంటిది.

మఱియు ఈ విషయమున చట్టము అస్పష్టముగా లేదు. న్యాయస్థానముల వాకిళ్లలో తిరుగువారందఱికిని తిరుమల్పాడుగారి వ్యాజ్యము తెలిసినదే. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టములో అడవి యను మాటకు ప్రభుత్వ పుస్తకములలోని అర్థమే కాక నిఘంటువులోని అర్థము గూడ వర్తించునని సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 12వ తేదీన నిర్ణయించెను. భూమి ఎవరిదైనను సరియే, అడవివలె నున్నచో అది అడవియే. ప్రతి రాష్ట్రమును నిపుణుల సంఘము నేర్పఱచి అట్టి భూములను గుర్తింపవలెనని ఆనాడే ఆజ్ఞ యయ్యెను. 2023లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి అడవి యర్థమును కుదించినప్పుడు, 2024 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానము, గుర్తింపు పూర్తియగు వఱకు పూర్వపు అర్థమునే పాటింపుడని మధ్యంతర ఉత్తరువిచ్చెను. 2025 మార్చి 4వ తేదీన ఇంకను సంఘములు వేయని రాష్ట్రములను మందలించి, ఒక నెలలోపల వేయుడని గడువు విధించెను. మన రాష్ట్రమున ఆ సంఘము మార్చి 15వ తేదీన ఏర్పడినది.

పాఠకులు ఈ తేదీలను మనస్సున నుంచుకొనవలెను. అడవులేవో లెక్కింపుడని సంఘమును వేసినది మార్చి 15. లెక్కింపవలసిన చెట్లను కూల్చుట మొదలిడినది మార్చి 30. నడుమ పదునైదు దినములు! సంఘము తన పని ముగించి, ఇది అడవి కాదని చెప్పియున్నచో ప్రభుత్వమువారి మాటకు బలముండెడిది. అడవియే యని చెప్పియున్నచో చెట్లు మిగిలియుండెడివి. ఏమి చెప్పుదురో వినకయే గొడ్డలి ఎత్తుటకు కారణమేమి? అంత తొందర యేమి వచ్చినదని సర్వోన్నత న్యాయస్థానము గూడ అడిగెను. చెట్లు నఱుకుటకు అనుమతి పొందితిరా యని గూడ అడిగెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద సామాన్యుడు తన పెరటి చెట్టు నఱుకుటకు కచేరీ మెట్లు ఎక్కవలసి వచ్చుచున్నది. సామాన్యునకు వర్తించు చట్టము సర్కారునకు వర్తింపదా? చేనునకు కావలియుండవలసిన కంచెయే చేను మేసిన చందమిది.

అడవి అనునది కట్టుకథయనియు, పొదలు తప్ప అచ్చట ఏమియు లేవనియు, యంత్రసృష్టితములైన బొమ్మలు చూపి జనులను రెచ్చగొట్టిరనియు కొందఱు వాదించుచున్నారు. అసత్యచిత్రములు కొన్ని ప్రచారమైన మాట నిజము. అట్టివానిని సృష్టించినవారిది దోషమే. సత్పక్షమునకు అసత్యము తోడైనచో ఆ పక్షమునకే హాని. కాని సర్వోన్నత న్యాయస్థానము బొమ్మలు చూచి తీర్మానింపలేదు. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానపు రిజిస్ట్రారును ఆ స్థలమునకు పంపెను. ఆయన స్వయముగా చూచి, పెద్ద యంత్రములు పని చేయుచున్నవనియు, సుమారు 100 ఎకరములు ధ్వంసమైనవనియు, నెమళ్లు, జింకలు, పక్షులు కనబడినవనియు నివేదించెను. ఏప్రిల్ 16వ తేదీన న్యాయస్థానము, ఆ 100 ఎకరములను ఎట్లు పునరుద్ధరింతురో ప్రణాళిక చెప్పుడనియు, లేనిచో అధికారులు కారాగారమునకు పోవలసివచ్చుననియు హెచ్చరించెను. చెదరిన మృగములను కాపాడుడని వన్యమృగ సంరక్షణాధికారిని ఆదేశించెను. ఆగస్టు 13వ తేదీన, అడవిని కాపాడుటకు ప్రభుత్వము చూపిన ప్రయత్నమును మెచ్చుకొని, సమగ్ర ప్రణాళిక తెచ్చుటకు 6 వారముల గడువిచ్చెను. ప్రభుత్వము వెనుకకు తగ్గుట అవమానము కాదు. తప్పును దిద్దుకొనుట ప్రభుత్వమునకు గౌరవమే యని మేము తలచెదము.

విద్యార్థుల మాట చెప్పకున్నచో కృతఘ్నుల మగుదుము. పండుగకు ఇండ్లకు పోవలసిన పిల్లలు యంత్రముల కెదురుగా నిలిచిరి. పోలీసులు వారిని ఈడ్చి వాహనములలో ఎక్కించిరి. కేసులు పెట్టిరి. ఆ కేసులను ఉపసంహరింపుడని ఏప్రిల్ నెలలో ప్రభుత్వమే ఆదేశించినది. ఆ పిల్లలలో ఎవరికిని ఆ నేలలో గజము స్థలమైనను రాదు. రెండుమూడేండ్లలో చదువు ముగించుకొని వెడలిపోవువారు, తమ పిదప వచ్చు అపరిచితుల కొఱకు దెబ్బలు తినిరి. లాభము లేనిచోట నిలువబడుటయే ప్రజాసేవ యని మా తరమువారికి పెద్దలు నేర్పిరి. దానిని మఱచిన పెద్దలకు పిల్లలు జ్ఞాపకము చేసిరి.

తెలుగునాట అడవికొఱకు పోరాటము క్రొత్తది కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మన్యపు ప్రజలను వారి అడవినుండియే వెలివేసెను. 1921లో పలనాటి రైతులు పుల్లరి చెల్లింపమని నిలిచిరి. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. 1922 నుండి 1924 వఱకు అల్లూరి సీతారామరాజు మన్యమున పోరాడెను. నిజాము రాజ్యమున కొమరం భీము 1940లో జోడేఘాటునందు నేలకొరిగెను. ఆనాటి పోరాటములలో అడవి చట్టము ప్రజలకు శత్రువు. ఏలన, అడవిని ప్రజలనుండి లాగుకొనుటకు ఆ చట్టము పుట్టినది. నేటి పరిస్థితి తలక్రిందైనది. అడవి చట్టమును పాటింపుడని ప్రజలే ప్రభుత్వమును వేడుకొనుచున్నారు. పైకి ఇవి రెండును ఒకదానికొకటి విరుద్ధములుగా కనబడును గాని, లోన తెగువ ఒక్కటే. నేలతో కలిసి బ్రతుకువానిని అడుగక నేల గతిని నిర్ణయింపరాదని ఆనాడు పలనాటి రైతు చెప్పెను; ఈనాడు గచ్చిబౌలి విద్యార్థి చెప్పుచున్నాడు. పరాయి ప్రభుత్వము అడుగలేదని దానితో పోరాడితిమి. మన ఓట్లతో ఏర్పడిన ప్రభుత్వము గూడ అడుగదేని స్వరాజ్యమునకు అర్థమేమి?

ఇక ఉద్యోగముల మాట, అభివృద్ధి మాట. చెట్లు కావలెనన్నవారందఱును అన్నము వద్దన్నవారే యని ఒక నింద వ్యాపించియున్నది. దీనికి సమాధానముగా మన రంగారెడ్డి జిల్లాలోనే జరిగిన మఱియొక సంగతిని చెప్పెదము. అప్పా కూడలినుండి మన్నెగూడ వఱకు బీజాపూరు పోవు జాతీయ రహదారి 46 కిలోమీటర్లు. చేవెళ్ల మీదుగా పోవు ఆ దారికి ఇరువైపుల సుమారు 900 మఱ్ఱిచెట్లు కలవు. పూర్వము బాటసారికి బావి, సత్రము, మఱ్ఱి నీడ, ఈ మూడే విడిది. దారుల వెంబడి మఱ్ఱులు నాటించితిననియు, బావులు త్రవ్వించితిననియు అశోక చక్రవర్తి తన శాసనములో చెప్పుకొనెను. నేటి దారులకు పెట్రోలు బంకు, ఫలహారశాల, విశ్రాంతిగృహము కావలసివచ్చినవి; కావలసినదే. కాని వానికొఱకు నీడనే తీసివేసినచో ఆ విశ్రాంతి ఎట్టిది?

ఆ దారిని వెడల్పు చేయవలెనని తలపెట్టినప్పుడు, చెట్లనెట్లు కాపాడుదురని ఎవరును ముందుగా ఆలోచింపలేదు. వృక్షప్రియులు జాతీయ హరిత ట్రిబ్యునలుకు పోయిరి. సంవత్సరములు గడచినవి. దారి ఇఱుకుగానే యుండెను. 2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ల సమీపమున మీర్జాగూడవద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొనగా 19 మంది ప్రాణములు పోయినవి. ఆ కుటుంబముల దుఃఖము నెదుట నిలిచి చెట్ల మాట ఎత్తుట మాకు సులభము కాదు. అయినను ఎత్తుచున్నాము. చెట్లవారివలననే దారి ఆగినది, ప్రాణములు పోయినవి యని కొందఱనిరి. దారివారివలననే చెట్లకు ముప్పు వచ్చినదని మఱికొందఱనిరి. తుదకు 2025లోనే ఇరుపక్షములును కూర్చుండి, అధికసంఖ్యాకములైన చెట్లను ఉన్నచోటనే యుంచి, కొన్నిటిని మాత్రము వేఱుచోటికి తరలించునట్లు రాజీ కుదుర్చుకొనిరి. దారియు వచ్చును, చెట్లును నిలుచును. మా ప్రశ్న యొక్కటే. ఈ రాజీ గీతలు గీయునాడే ఏల కుదురలేదు? మొదటి దినమున ఒక బల్లచుట్టు కూర్చుండి చేయదగిన పనిని ఏండ్లు గడచిన పిమ్మట చేసితిమి. ముందు అడుగకపోవుట చేత చెట్లకును మేలు జరుగలేదు, మనుష్యులకును మేలు జరుగలేదు.

కంచ గచ్చిబౌలికిని ఈ పాఠమే వర్తించును. 5 లక్షల ఉద్యోగములు వచ్చుననుచున్నారు. రానిండు, మేము సంతోషింతుము. అవి ఆ 400 ఎకరములలోనే ఏల రావలెను? కార్యాలయమును ఎచ్చటనైనను కట్టవచ్చును; ఇప్పటికే చదును చేసిన నేలపై కట్టవచ్చును. అడవిని మాత్రము ఎచ్చట బడిన అచ్చట నిలుపజాలము. నఱికిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటుదుమని చెప్పుట వాడుకయైనది. మొక్క చెట్టగుటకు ఇరువదియేండ్లు. చెట్లన్నియు కలిసి పొద, పుట్ట, గుంట, గూడు గల అడవి యగుటకు ఇంకను ఎక్కువ. దక్కను పీఠభూమిలో నేలపొర పలుచన. క్రింద కోట్ల కొలది సంవత్సరముల నాటి నల్లఱాతి బండ. ఆ పలుచని పొరను వేళ్లు పట్టి యుంచినంతవఱకే వాననీరు బండల సందులలోనికి ఇంకును. పొరను గీకివేసినచో వాన పడిన గడియకే నీరు వీథులలోనికి దొరలును. ప్రతి వానకాలమునను మన కొత్తగూడ కూడలిలోను, పల్లపు వీథులలోను మోకాలిలోతు నీటిలో బండ్లు త్రోసుకొనువారికి ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు.

మఱియొక మాట. ఐ.టి. నగరమనగా అద్దపు మేడలలోని ఉద్యోగులు మాత్రమే కారు. వారి ఇండ్లలో పని చేయు స్త్రీలు, ద్వారముల కడ కావలి కాయువారు, ఆటోలు నడుపువారు, భోజనములు మోసికొనిపోవు కుఱ్ఱవారు, కట్టడములలో రాళ్లు మోయు పాలమూరు కూలీలు, వీరును ఈ నగరవాసులే. మేడలోనివానికి వేసవిలో చల్లని గాలి యంత్రము కలదు. వీరికి చెట్టునీడ తప్ప వేఱు చలువ లేదు. చెట్టు నఱికినప్పుడు ముందుగా ఎండ తగులునది వీరి తలకే. చెట్లు ధనికుల విలాసమను వారు ఈ సంగతిని విస్మరించుచున్నారు.

2014లో రాష్ట్రమేర్పడినప్పుడు చుక్కల జింకను రాష్ట్ర జంతువుగను, పాలపిట్టను రాష్ట్ర పక్షిగను, జమ్మిని రాష్ట్ర వృక్షముగను, తంగేడును రాష్ట్ర పుష్పముగను ప్రకటించుకొంటిమి. ఈ నాలుగును ఎచ్చటనో దూరపు అరణ్యములలోనివి కావు. మన గుట్టలలోనివి, మన కంచలలోనివి. బొమ్మను ముద్రలపై నుంచుకొని ప్రాణిని వీథిపాలు చేయుట మనకు తగునా?

కావున మేము ప్రభుత్వమువారికి నాలుగు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: నిపుణుల సంఘము గుర్తించిన, గుర్తింపనున్న అడవిభూముల పట్టికను జిల్లావారీగా, సర్వే నంబర్లతో, తెలుగులోను ఉర్దూలోను ముద్రించి ప్రతి మండల కచేరీలోను ప్రజలు చదువుకొనునట్లు ఉంచవలెను. ఆక్షేపణలు చెప్పుకొనుటకు గడువీయవలెను. రెండవది: ఆ పని ముగియువఱకు, రికార్డులో ఏ పేరున్నను సరే, చెట్లున్న సర్కారు భూమిలోనికి యంత్రము పోరాదు. కచేరీలకు సెలవైన దినములలో అసలే పోరాదు. మూడవది: కంచ గచ్చిబౌలి 400 ఎకరములను ముక్కలు చేయక ఒక్కటిగా నిలుపవలెను. పాడైన 100 ఎకరములలో అందమైన విదేశపు మొక్కలు నాటి ఉద్యానమని పేరు పెట్టుటకంటె, ఈ నేలకు అలవాటైన చెట్లనే తిరిగి మొలవనిచ్చి కావలి యుంచుట మేలు. నాలుగవది: దారి గాని, వంతెన గాని, విడిది గాని కట్టదలచినప్పుడు పటము గీయు దినముననే చెట్లను లెక్కించి, ఆ లెక్కను టెండరుకు ముందుగా ప్రజల యెదుట నుంచవలెను.

ఇవి అసాధ్యములైన కోరికలు కావు. వీనిలో కొన్ని చట్టమున ఇదివఱకే యున్నవి. ఉన్నదానిని ఆచరింపుమనియే మా ప్రార్థన. ఈ 400 ఎకరముల వ్యవహారమున అన్ని పక్షముల రాజకీయులకును పాలు కలదు. ఒకరు కేటాయించిరి, ఒకరు రద్దు చేసిరి, ఒకరు పట్టించుకొనలేదు, ఒకరు యంత్రములు పంపిరి. నేడు ప్రతిపక్షమున నుండి కన్నీరు కార్చువారు తమ హయాములో కూలిన చెట్లను గూడ లెక్కించుకొనుట మంచిది. మేము ఏ పార్టీకిని వకాల్తా పుచ్చుకొనలేదు.

చివరగా మా పాఠకులకు ఒక మాట. న్యాయస్థానము ఒకసారి కాపాడినది. ప్రతి గుట్టకును, ప్రతి చెఱువునకును ఢిల్లీనుండి న్యాయమూర్తులు కలుగజేసికొందురని కూర్చుండుట పౌరధర్మము కాదు. మీ ఊరిలో చెట్లున్న సర్కారు భూమి ఎంత? దాని సర్వే నంబరు ఎంత? రికార్డులో దాని పేరేమి? ఈ మూడింటిని మండల కచేరీలో అడిగి తెలిసికొని, మీ పఠనమందిరపు గోడపై వ్రాసి పెట్టుడు. సమాచార హక్కు చట్టము 2005 నుండి మన చేతిలో నున్నది. మండల కచేరీలో అర్జీకి ఐదు రూపాయలు. విశ్వవిద్యాలయపు పిల్లలు దెబ్బలు తిని కాపాడినదానిని పెద్దలు ఐదు రూపాయల అర్జీతోనైన కాపాడలేరా? పద్దులో కంచ యని యుండవచ్చును. కన్నులతో చూచి అడవి యని ముందుగా చెప్పవలసినవారము మనమే. యంత్రము వచ్చిన పిమ్మట చెప్పిన మాటకు విలువ తక్కువ.